కొత్త డ్రైవర్ కొంటే స్లైస్ తగ్గుతుందా? నా అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ: నాలుగేళ్ళుగా గోల్ఫ్ ఆడుతున్నారు, స్కోరు 95 నుంచి 100 మధ్య తిరుగుతోంది, డ్రైవర్, అంటే దూరం కొట్టే ఆ పొడుగు క్లబ్, తీస్తే చాలు బంతి కుడికి వంకర తిరిగి (స్లైస్ అంటే అదే) పక్క ఫెయిర్‌వేలోకి, అంటే పక్క హోల్ గడ్డి బాటలోకి పోతోంది, ఉన్నది పాత డ్రైవర్, 600 డాలర్లు పెట్టి కొత్తది కొంటే తేడా ఉంటుందా, బంతికి తగిలే ముఖం (ఫేస్) వాలు, అదే లాఫ్ట్, 9 డిగ్రీలు తీస్కోవాలా 10.5 తీస్కోవాలా, షాఫ్ట్ (క్లబ్ కర్ర) గట్టిగా ఉండే స్టిఫ్ ఆ, మెత్తగా ఉండే రెగ్యులర్ ఆ అని. నేను డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాను, తొమ్మిదేళ్ళుగా ఆడుతున్నా, హ్యాండికాప్ (ఆటస్థాయి కొలత, తక్కువైతే మంచిది) ఇప్పుడు 16. సరిగ్గా ఇదే సమస్యతో నాకు ఒక సీజన్ మొత్తం పోయింది, డబ్బులూ పోయాయి, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా.

తేడా ఉంటుందండి. కాకపోతే కొనేముందు ఒక పని చెయ్యాలి, మీ బంతి డ్రైవర్ ఫేస్ మీద ఎక్కడ తగుల్తోందో మీ కళ్ళతో చూడాలి. నేను అది చూడకుండా కొన్నా.

2023 వేసవిలో ఒక షాపుకి వెళ్ళా, లోపల నెట్ కట్టి స్క్రీన్ పెట్టిన బే ఒకటి ఉంది, అక్కడి కుర్రాడు అప్పుడే వచ్చిన మోడల్ చేతికిచ్చాడు, పది పదిహేను బంతులు కొట్టా, అందులో ఒకటి 248 యార్డులు అని చూపించింది, ఇక నా మనసు ఆ ఒక్క నంబర్ మీదే ఉండిపోయింది, మిగతావి ఎక్కడ పడ్డాయో నేనూ అడగలేదు అతనూ చెప్పలేదు. 9 డిగ్రీల లో స్పిన్ హెడ్ (బంతి గింగిరాలు తగ్గించేలా చేసిన తల), స్టిఫ్ షాఫ్ట్, పొడుగు 45.75 అంగుళాలు. కోర్సు మీదకి వెళ్తే పాత డ్రైవర్ కంటే ఎక్కువ స్లైస్. బంతి తక్కువ ఎత్తులో బయల్దేరి, మధ్యలో పైకి లేచి, కుడికి జారిపోయేది, ఇక్కడ టెక్సస్‌లో గాలి ఎలా ఉంటుందో తెలిసినవాళ్ళకి తెలుసు, అలాంటి బంతిని గాలి ఎత్తుకుపోతుంది. లోపం నాదే అనుకుని ప్రాక్టీస్ రేంజ్‌లో బకెట్ల మీద బకెట్లు బంతులు కొట్టా, నడుము పట్టేసింది, స్లైస్ మాత్రం అలాగే ఉంది.

అసలు విషయం బయటపడింది ఆ డిసెంబర్లో హైదరాబాద్ వెళ్ళినప్పుడు. మా బావగారు గోల్కొండలో ఆడతారు, నయా ఖిల్లా లోపల ఉంటుంది ఆ కోర్సు, ఒకపక్క పాత కోట గోడలు, ఇంకోపక్క వందల ఏళ్ళనాటి ఆ పెద్ద బావోబాబ్ చెట్టు, చూడకపోతే ఒకసారి తప్పకుండా చూడాల్సిన చోటు. ఇక్కడ మన మునిసిపల్ కోర్సుల్లో కార్ట్ ఎక్కి మనకి మనమే తిరుగుతాం కదా, అక్కడ క్లబ్బులు మోసి సలహా ఇచ్చే క్యాడీ ఉంటాడు. మూడు హోల్స్ అయ్యాక ఆయన నా డ్రైవర్ తుడవబోయి ఆగి, ఫేస్ నాకు చూపించి "సార్, నిషాన్‌లన్నీ గీడనే ఉన్నయ్ చూడుండ్రి" అన్నాడు. దుమ్ము మీద బంతి గుర్తులు అన్నీ హీల్ (షాఫ్ట్ దగ్గరి కొస) వైపు, కింది భాగంలో, ఒకదాని పక్కన ఒకటి. "టీ ఇంకొంచెం మీదికి పెట్టుండ్రి, క్లబ్ జర కిందికి పట్టుండ్రి" అన్నాడు, అంటే టీ, బంతి పెట్టే పుల్ల, ఎత్తు పెంచి, గ్రిప్ మీద చెయ్యి కాస్త కిందికి జరిపి పట్టుకోమని. ఆ రోజు మిగతా హోల్స్‌లో రెండు బంతులే పోయాయి. ఏ మిషనూ లేకుండా మూడు హోల్స్‌లో ఆయన పట్టుకున్న విషయం నేను ఆరు నెలల్లో పట్టుకోలేకపోయా, ఇప్పటికీ ఆయన్ని తల్చుకుంటా.

ఇది ఎందుకు పనిచేస్తుందో తర్వాత చదివి తెల్సుకున్నా. బంతి హీల్ వైపు తగిలినప్పుడు హెడ్ ఒకపక్కకి మెలితిరుగుతుంది, హెడ్ బరువు కేంద్రం ఫేస్‌కి వెనకాల ఉంటుంది కాబట్టి పళ్ళచక్రాల్లాగా బంతి ఎదురుదిక్కుకి తిరుగుతుంది, దాన్నే గేర్ ఎఫెక్ట్ అంటారు. కుడిచేత్తో ఆడేవాళ్ళకి హీల్‌లో తగిలితే బంతి కుడికి వంగుతుంది, టో (హెడ్ అవతలి కొస) వైపు తగిలితే ఎడమకి. పైనా కిందా కూడా అంతే, ఫేస్ కింది భాగంలో తగిలితే బంతి తక్కువ ఎత్తులో లేచి స్పిన్ పెరుగుతుంది, మధ్యకి కాస్త పైన తగిలితే ఎత్తుగా లేచి స్పిన్ తగ్గుతుంది. మనకి కావల్సింది రెండోది. అంటే నేను స్లైస్ అనుకున్నదాంట్లో సగం నా స్వింగ్‌ది, సగం బంతి తగిలే చోటుది, ఆ చోటు తెలియకుండా లో స్పిన్ హెడ్ కొని ప్రయోజనం లేదు.

తిరిగొచ్చాక కాళ్ళకి కొట్టుకునే పౌడర్ స్ప్రే ఉంటుంది కదా, మందుల షాపులో ఐదారు డాలర్లు, అది ఫేస్ మీద పల్చగా కొట్టి 30 బంతులు కొట్టా, పదేసి బంతులకి ఒక ఫొటో. స్ప్రే లేకపోతే వైట్‌బోర్డ్ మార్కర్‌తో బంతి వెనక చుక్క పెట్టినా చాలు, అది ఫేస్ మీద అంటుకుంటుంది. 30లో 21 హీల్ వైపే. ఆ ఫొటోలు పట్టుకుని ఈసారి ఏ కంపెనీకీ సంబంధం లేని ఫిట్టర్ (మన స్వింగ్ కొలిచి తగిన క్లబ్ కుదిర్చేవాడు) దగ్గరికి వెళ్ళా, ఫీజు 125 డాలర్లు, గంటన్నర టైమిచ్చాడు, బయట గడ్డి మీద, నేను ఆడే బంతులతోనే. ఇది ముఖ్యం, రేంజ్ బంతులు అరిగిపోయి ఉంటాయి, కొన్ని చోట్ల తక్కువ దూరం పోయేవే పెడతారు, వాటితో వచ్చిన నంబర్లు నమ్మి 600 డాలర్లు ఖర్చు పెట్టకూడదు.

మొదట నా డ్రైవర్‌తోనే కొట్టించాడు, చెడ్డ షాట్లు కూడా ఒక్కటీ చెరపలేదు. స్వింగ్ స్పీడ్ గంటకి 91 మైళ్ళు, బాల్ స్పీడ్ 126, లాంచ్ (బంతి లేచే కోణం) 9 డిగ్రీలు, స్పిన్ నిమిషానికి 3800 చుట్లు, గాల్లో 183 యార్డులు. బాల్ స్పీడ్‌ని స్వింగ్ స్పీడ్‌తో భాగిస్తే వచ్చేదాన్ని స్మాష్ ఫ్యాక్టర్ అంటారు, మధ్యలో తగిలితే 1.5 దగ్గరికి వస్తుంది, నాది 1.38. అంటే నా బలం నేను పెడుతున్నా, బంతికి అది చేరట్లేదు. తర్వాత ఆయన హెడ్ మార్చలేదు, షాఫ్ట్ మార్చలేదు, ఒక అంగుళం కిందికి పట్టుకోమన్నాడు అంతే, గోల్కొండ క్యాడీ చెప్పిన మాటే. ఫేస్ మీద ఆయన అంటించిన స్టిక్కర్ మీద గుర్తులు మధ్యకి జరిగాయి. నాకు అక్కడే నిలబడి కాసేపు మాట రాలేదు.

షాపుల్లో డ్రైవర్లు చాలావరకు 45.5, 45.75 అంగుళాలు ఉంటాయి, పొడుగు పెరిగితే హెడ్ స్పీడ్ కాస్త పెరుగుతుంది కాబట్టి స్క్రీన్ మీద నంబర్ బాగుంటుంది. కానీ పీజీఏ టూర్‌లో (ప్రొఫెషనల్స్ పోటీల్లో) ఆడేవాళ్ళే చాలామంది 45 అంగుళాల చుట్టుపక్కల వాడతారు. రోజుకి వందల బంతులు కొట్టే వాళ్ళకే అది చాలినప్పుడు, వారానికి ఒకసారి శనివారం పొద్దున ఆడే మనకి అంతకంటే పొడుగుది ఎందుకండి.

చివరికి నాకు కుదిరింది పింగ్ జీ430 మ్యాక్స్, 10.5 డిగ్రీలు, హోసెల్ (హెడ్, షాఫ్ట్ కలిసే చోటు) తిప్పి లాఫ్ట్ ఒక డిగ్రీ పెంచాడు, వెనక ఉన్న బరువు డ్రా (బంతి ఎడమకి వంగే) వైపుకి జరిపాడు, రెగ్యులర్ షాఫ్ట్, పొడుగు 44.75. హోసెల్‌తో లాఫ్ట్ పెంచితే ఫేస్ కొంచెం మూసుకుంటుంది, తగ్గిస్తే తెరుచుకుంటుంది, స్లైస్ ఉన్నవాళ్ళు లాఫ్ట్ తగ్గిస్తే బంతి ఎక్కువ దూరం వెళ్తుందని తగ్గించుకుంటారు, దాంతో ఫేస్ ఇంకా తెరుచుకుని ఇంకా కుడికి పోతుంది, నా స్నేహితులు ఇద్దరు అచ్చం ఇలాగే చేశారు. నా నంబర్లు అప్పుడు స్వింగ్ 90, బాల్ స్పీడ్ 132, లాంచ్ 14, స్పిన్ 2700, గాల్లో 207 యార్డులు. నేను అది కొత్తది కాకుండా సెకండ్ హ్యాండ్‌లో 289 డాలర్లకి తీస్కున్నా, ఫిట్టర్ ఏమీ అనుకోలేదు, ఫీజు తీస్కుని స్పెక్ కాగితం మీద రాసిచ్చాడు.

ఇదే మోడల్ కొనమని నేను చెప్పట్లేదు, మీ గుర్తులు టో వైపు ఉంటే మీ కథ పూర్తిగా వేరు. కొత్త మోడల్ వచ్చిన ప్రతిసారీ ఇరవై యార్డులు పెరుగుతాయన్న ఆశ మాత్రం పెట్టుకోకండి. 1979లో టేలర్‌మేడ్ వాళ్ళు చెక్క బదులు స్టీల్ హెడ్ తెచ్చినప్పుడు, 1991లో కాలవే బిగ్ బెర్తా వచ్చినప్పుడు ఉన్న తేడాలు వేరు, బిగ్ బెర్తా అప్పట్లో 190 సీసీయే, ఇప్పుడు హెడ్ 460 సీసీ, అంతకు మించకూడదని రూలు. ఫేస్ ఎంత స్ప్రింగ్‌లా కొట్టాలన్న దానికీ పరిమితి ఉంది, హెడ్ మెలితిరక్కుండా ఆపే శక్తి, అదే ఎంఓఐ, దానికీ 5900 అని హద్దు ఉంది. అందరూ ఆ హద్దుల దగ్గరే ఉన్నారు. మధ్యలో తగిలిన బంతికి పదేళ్ళ నాటి డ్రైవర్‌కీ ఇప్పటిదానికీ పెద్ద తేడా రాదు, తేడా అంతా పక్కకి తగిలిన బంతి దగ్గరే.

షాఫ్ట్ గురించి అడిగారు. స్టిఫ్, రెగ్యులర్ అనేవాటికి అన్ని కంపెనీలకీ కలిపి ఒక కొలత లేదు, ఒకరి స్టిఫ్ ఇంకొకరి రెగ్యులర్ అంత మెత్తగా ఉండొచ్చు. మన వాళ్ళలో రెగ్యులర్ అని చెప్పుకోవడానికి మొహమాటం చూశా, నాకూ ఉండేది. స్వింగ్ స్పీడ్ 90 మైళ్ళ చుట్టుపక్కల ఉంటే రెగ్యులర్‌తో మొదలుపెట్టండి, సిగ్గుపడాల్సిన విషయమే కాదు అది. అలాగే టూర్ ఆటగాడు సాహిత్ తీగల 2023లో నాపాలో ఫార్టినెట్ టోర్నమెంట్ గెలిచినప్పుడు మా తెలుగు గ్రూపులో పండగే, వాళ్ళ అమ్మానాన్నలు హైదరాబాద్ నుంచి వచ్చినవాళ్ళు కదా, మా అబ్బాయి కూడా అప్పుడే క్లబ్ పట్టుకున్నాడు, ఆ వారంలోనే గ్రూపులో ముగ్గురు, టూర్ వాళ్ళు వాడే హెడ్లు కొనడానికి సిద్ధమయ్యారు. టూర్‌లో సగటు బాల్ స్పీడ్ 170 మైళ్ళ పైమాట, ఆ వేగానికి తయారైన లో స్పిన్ హెడ్ 130 దగ్గర ఉన్న మన బంతిని గాల్లో నిలబెట్టదు. అభిమానం ఉంటే టోపీ కొనుక్కుందాం, డ్రైవర్ మన స్వింగ్‌కి తగ్గది కొనుక్కుందాం.

షాఫ్ట్ కోయించాలనుకుంటే తొందరపడకండి. ముందు ఒక నెల అంగుళం కిందికి పట్టుకుని ఆడండి, గ్రిప్ మీద గీత గీస్కోండి. అంగుళం కోస్తే స్వింగ్ వెయిట్ (ఊపేటప్పుడు హెడ్ ఎంత బరువుగా అనిపిస్తుందన్న కొలత) ఆరు పాయింట్ల దాకా పడిపోతుంది, హెడ్ చేతికి తెలియనట్టు ఉంటుంది, దాన్ని తిరిగి తేవాలంటే బరువైన స్క్రూ వెయ్యాలి లేదా లెడ్ టేప్ అంటించాలి, గ్రిప్ కూడా కొత్తది వెయ్యాలి. నాకు ఫిట్టరే పది గ్రాముల దాకా కలిపాడు.

వాడకం గురించి కూడా చెప్తా, ఎందుకంటే కొన్నాక మొదటి నాలుగు రౌండ్లు నేను సంతోషంగా లేను. శబ్దం వేరు, చూపుకి హెడ్ వేరుగా కనిపిస్తుంది, రెండు షాట్లు పాడైతే రెంచ్ తీసి తిప్పాలనిపిస్తుంది. రౌండ్ మధ్యలో అలా మార్చి కొట్టకూడదని రూలే ఉంది, రౌండ్ అయ్యాక కూడా ఐదారు రౌండ్ల దాకా ముట్టుకోకండి, లేకపోతే దేని వల్ల ఏం మారిందో ఎప్పటికీ తెలీదు. టీ ఎత్తు మాత్రం ప్రతిసారీ ఒకేలా పెట్టండి, క్లబ్ నేల మీద పెట్టినప్పుడు బంతి సగం హెడ్ పైకి కనిపించాలి. ఇంకోటి, ఎండాకాలం కార్ డిక్కీలో క్లబ్బులు వదిలెయ్యకండి, ఇక్కడి వేడికి హెడ్‌ని పట్టి ఉంచే జిగురు వదులవ్వొచ్చు, గ్రిప్పులు పాడవుతాయి.

నా స్లైస్ పూర్తిగా పోలేదు. నా స్వింగ్ ఇప్పటికీ బయటి నుంచి లోపలికే వస్తుంది, దాన్ని ఏ డ్రైవరూ మార్చలేదు, కోచ్ దగ్గర ఇప్పుడు దాని మీదే పనిచేస్తున్నా. కానీ పక్క ఫెయిర్‌వేకి పోయే బంతి ఇప్పుడు పదిహేను యార్డులు వంగి మా ఫెయిర్‌వే అంచులోనే పడుతోంది, ఒక రౌండ్‌కి ఐదారు బంతులు పోయేవి, ఇప్పుడు ఒకటి రెండు. మా ఆవిడ నాతోపాటు తొమ్మిది హోల్స్ ఆడటానికి వస్తోంది ఈ మధ్య, నేను విసుక్కోవడం తగ్గింది అంటుంది.

ఇండియాలో ఉన్న అన్నయ్యకో మామయ్యకో ఇక్కడి నుంచి కొని పంపాలనుకునేవాళ్ళకి ఒక మాట, అక్కడ ఎవరైనా ఒకసారి వాళ్ళ స్వింగ్ స్పీడ్, బంతి తగిలే చోటు చూసి చెప్పాకే కొనండి. ఆన్‌లైన్‌లో మరీ చవగ్గా కనిపించేవాటిలో నకిలీలు ఉంటాయి, జాగ్రత్త. తీస్కెళ్ళేటప్పుడు హెడ్ విప్పి బట్టల మధ్య పెట్టండి, షాఫ్ట్ గట్టి గొట్టంలో పెట్టండి, అక్కడ బిగించేటప్పుడు రెంచ్ టక్ మని శబ్దం వచ్చేదాకా బిగించాలని చెప్పండి.

మీ విషయానికొస్తే, ఇప్పుడే కార్డు తియ్యకండి. ఈ శనివారం పాత డ్రైవర్‌కే స్ప్రే కొట్టి ముప్పై బంతులు కొట్టండి, పదిహేను మామూలుగా, పదిహేను అంగుళం కిందికి పట్టుకుని. 9 డిగ్రీలు వద్దు, 10.5 కి తగ్గొద్దు, 12 ఇచ్చినా కాదనకండి. ఆ రెండు ఫొటోలూ కింద పెట్టండి, మీ స్వింగ్ స్పీడ్ తెలిస్తే అదీ రాయండి, చూసి నాకు తోచింది చెప్తా.