అలీనా, హోమ్సా, టైసనా అని అడిగిన మేనల్లుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

హెవీవెయిట్ బాక్సర్లలో ఎవరు గొప్ప అంటూ మహమ్మద్ అలీ, లారీ హోమ్స్, మైక్ టైసన్‌ల గురించి నువ్వు పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. "అలీని హోమ్స్ ఓడించాడు, ఆ హోమ్స్‌ను టైసన్ నాలుగో రౌండులోనే పడగొట్టాడు, కాబట్టి అందరిలో టైసనే గొప్ప" అని రాశావు. ముప్పై ఏళ్లు పత్రికలో క్రీడల పేజీ చూసినవాణ్ణి. ఇలాంటి వాక్యం ఎవరు రాసినా కొట్టేసేవాణ్ణి. నీదీ కొట్టేశాను. ఎందుకో చెబుతాను.

ఆ లెక్కే సరైనదైతే 1970లలోనే అంతా తేలిపోవాలి. 1971 మార్చి 8న న్యూయార్క్‌లో అలీని జో ఫ్రేజియర్ ఓడించాడు. 1973 జనవరిలో జమైకాలో అదే ఫ్రేజియర్‌ను జార్జ్ ఫోర్‌మన్ రెండు రౌండ్లలో ఆరుసార్లు నేలకు దించాడు. 1974 అక్టోబరులో ఆఫ్రికాలోని కిన్షాసాలో ఆ ఫోర్‌మన్‌ను అలీ ఎనిమిదో రౌండులో నాకౌట్ చేశాడు. గొలుసు పట్టుకుని నడిస్తే బయలుదేరిన చోటికే వచ్చావు, చూశావా? తల వంచుకుని ముందుకే దూసుకొచ్చే ఫ్రేజియర్, కింది నుంచి లేచే ఫోర్‌మన్ గుద్దులకు తేలిగ్గా దొరికాడు. అలీ తాళ్లకు ఆనుకుని, దెబ్బలు కాచుకుంటూ, అదే ఫోర్‌మన్‌ను అలసిపోనిచ్చాడు.

ఇక వయసు సంగతి. ప్రతి పోటీ పక్కనా ఇద్దరి వయసులూ రాసి పెట్టుకో. 1980 అక్టోబరులో లాస్ వేగాస్‌లో హోమ్స్ ఎదుట నిలబడేనాటికి అలీకి 38 ఏళ్లు, రెండేళ్లుగా పోటీల్లో లేడు. 1988 జనవరిలో టైసన్ ముందుకు వచ్చేనాటికి హోమ్స్‌కూ సరిగ్గా 38 ఏళ్లే. అతను కూడా దాదాపు రెండేళ్లు ఖాళీగా ఉన్నవాడే. టైసన్‌కు అప్పుడు 21. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. హోమ్స్ తన జీవితం మొత్తంలో పోటీ ముగియకుండా ఆగిపోయి ఓడింది ఆ ఒక్కసారే. టైసన్ బలానికి అది సాక్ష్యమే. హోమ్స్ ఎంతటివాడో తేల్చడానికి మాత్రం ఆ రాత్రి పనికిరాదు.

వేగాస్ పోటీ వీడియో దొరికితే హోమ్స్ ముఖం మీదే దృష్టి పెట్టు. ఒకప్పుడు అలీ సాధనలో ఎదురు నిలిచి దెబ్బలు తిన్న కుర్రాడు అతను. తన గురువులాంటి వాడిని కొడుతూ, ఇక ఆపమన్నట్టు మధ్యమధ్యలో రెఫరీ వైపు చూస్తాడు. పదో రౌండు తర్వాత అలీ శిక్షకుడు ఏంజెలో డండీ పోటీ ఆపించాడు. గెలిచిన హోమ్స్ ఏడ్చాడు. ఈ దృశ్యం చూడకుండా "హోమ్స్ అలీని ఓడించాడు" అని రాయడం నాకు అన్యాయంగా తోస్తుంది.

అంకెలను కూడా విప్పి చూడాలి. జో లూయిస్ దాదాపు 12 ఏళ్లు చాంపియన్‌గా ఉండి 25 సార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. అందులో 1942 మార్చి తర్వాత 1946 జూన్ వరకు, సైన్యంలో చేరినందువల్ల, టైటిల్ పోటీలే లేవు. అలీకి కూడా వియత్నాం యుద్ధానికి వెళ్లనన్నందుకు మూడున్నరేళ్లు పోయాయి. రౌండ్ల సంఖ్య సైతం మారింది, అప్పట్లో టైటిల్ పోటీకి పదిహేను. ఫ్రేజియర్ ఎడమచేతి హుక్ (పక్క నుంచి వంపుగా తిప్పి కొట్టే గుద్దు) అలీని కింద పడేసింది పదిహేనో రౌండులో. 1978లో హోమ్స్ అప్పటి చాంపియన్ కెన్ నార్టన్‌ను ఓడించి టైటిల్ అందుకున్నది కూడా పదిహేనో రౌండు బలంతోనే. ఇప్పటి టైటిల్ పోటీలకు పన్నెండే రౌండ్లు.

నా అభిప్రాయం అడిగావు కాబట్టి చెబుతున్నాను. ఎదుర్కొన్న ప్రత్యర్థులను బట్టి అలీకి మొదటి స్థానం, నిలకడకు లూయిస్‌కు రెండోది. మూడోది హోమ్స్‌కు ఇస్తాను. చాలామంది ఒప్పుకోరు. ఏడేళ్లకు పైగా చాంపియన్‌గా నిలిచాడు, వరుసగా 48 పోటీలు గెలిచాడు. అతని ఎడమచేతి జాబ్ (చెయ్యి నేరుగా చాచి చటుక్కున కొట్టే గుద్దు) లాంటిది హెవీవెయిట్‌లలో నేను మరొకటి చూడలేదు. 1985లో మైకేల్ స్పింక్స్ చేతిలో ఓడిన రాత్రి, ఓటమే ఎరుగని పాత చాంపియన్ రాకీ మార్సియానో గురించి నోరు జారాడు, దాంతో జనం దూరమయ్యారు. అలీ తర్వాత వచ్చిన ఏ చాంపియన్‌నైనా జనం చిన్నచూపే చూసేవారు.

ఆదివారంలోగా తిరగరాసి పంపు. హోమ్స్ జాబ్ గురించి ఒక పేరా ఎక్కువ రాసినా కొట్టను.

మీ మామయ్య