‘రన్ అవుట్’, ‘కమ్ బ్యాక్ ఇన్’ లాంటివి మాట్లాడేటప్పుడు నోటికి రావాలంటే ఏం చేయాలి?

మీరు అడిగింది ఇదీ: వాక్, రన్, గో, కమ్ లాంటి క్రియల పక్కన వచ్చే అప్, డౌన్, అవుట్, ఆఫ్, అవే, బ్యాక్ జాబితాలన్నీ బట్టీ పట్టారు, కానీ మాట్లాడేటప్పుడు ఒక్కటీ గుర్తు రావడం లేదు. ‘పరిగెత్తుకుంటూ బయటికి వెళ్లాడు’ అనాల్సిన చోట ‘హీ వెంట్ అవుట్ బై రన్నింగ్’ అంటే ఎదుటివాళ్లు అయోమయంగా చూశారు. ఎందుకలా అన్నది మీ సందేహం.

నేను పిల్లల కథలు ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువదిస్తుంటాను. పిల్లల కథల్లో ఎవరూ ఒకచోట కుదురుగా ఉండరు. ఒకడు గోడ దూకుతాడు, కుక్కపిల్ల కంచె కిందనుంచి దూరి వస్తుంది, ఎలుక బల్ల కిందికి ఉరుకుతుంది. అందుకే అప్, డౌన్, అవుట్ లాంటి ఈ చిన్నమాటలతో నాకు రోజూ పనే. జాబితాలు నాకు పెద్దగా అక్కరకు రాలేదు. తెలుగు వాక్యంలో ఏ మాట ఏ పని చేస్తోందో, అదే పని ఇంగ్లిష్‌లో ఎవరికి అప్పజెప్పారో చూడటం మొదలుపెట్టాకే చిక్కుముడి విడింది.

మీ వాక్యమే తీసుకుందాం. ‘పరిగెత్తుకుంటూ బయటికి వెళ్లాడు’లో అసలు క్రియ ‘వెళ్లాడు’. ఎలా వెళ్లాడో ‘పరిగెత్తుకుంటూ’ చెబుతోంది. ఇంగ్లిష్‌వాళ్లు దీన్ని ‘హీ ర్యాన్ అవుట్’ అంటారు. పరిగెత్తడం వచ్చి క్రియ స్థానంలో కూర్చుంది. వెళ్లడానికి విడిగా క్రియే లేదు, ఆ పని ‘అవుట్’ చేసేస్తోంది. ‘కుంటుకుంటూ లోపలికి వచ్చింది’ అంటే ‘షీ లింప్‌డ్ ఇన్’. ‘తూలుతూ ఇంటికెళ్లాడు’ అంటే ‘హీ స్టాగర్‌డ్ హోమ్’. ‘ఈదుకుంటూ అవతలికి చేరాడు’ అంటే ‘హీ స్వామ్ అక్రాస్’. మన ‘తూ’, ‘కుంటూ’ మాట అక్కడ క్రియ అవుతుంది, మన క్రియ అక్కడ చిన్నమాట అవుతుంది. ప్రతిసారీ ఈ తారుమారు చేసుకుంటే చాలావరకు దారిలో పడతారు.

ఇది నా సొంత సిద్ధాంతమేం కాదు. అమెరికన్ భాషాశాస్త్రవేత్త లెనార్డ్ టాల్మీ 1985లోనే భాషల మధ్య ఉన్న ఈ తేడాను వివరంగా రాశారు. స్పానిష్ లాంటి భాషలు ఎటు కదిలారన్నది క్రియలోనే చెబుతాయి. ఇంగ్లిష్ లాంటివి ఆ సంగతిని క్రియ పక్కన తిరిగే మాటలకు వదిలేస్తాయి. ఆ మాటలకు ఆయన పెట్టిన పేరు ‘శాటిలైట్’, అంటే ఉపగ్రహం. తెలుగులో ఎక్కు, దిగు, దాటు, దూరు, చేరు అన్నవాటిని చూడండి, పైకో కిందికో అవతలికో అన్నది క్రియలోనే ఇమిడిపోయింది. అందుకే ఈ విషయంలో మనం స్పానిష్‌వాళ్ల పక్కన నిలబడతాం.

ఎంటర్, అసెండ్, డిసెండ్, రిటర్న్ మనకు సులువుగా వంటబట్టడానికీ కారణం అదే. అవి లాటిన్, ఫ్రెంచ్ మూలాల నుంచి ఇంగ్లిష్‌లోకి వచ్చినవి, మన క్రియల్లాగే దిక్కును కడుపులో పెట్టుకున్నవి. తప్పేం లేదు గానీ, వాటిలో చాలావరకు రాతకో, నోటీసు బోర్డుకో బాగుంటాయి. తెలిసినవాళ్ల గుమ్మం ముందు నిలబడి ‘మే ఐ ఎంటర్?’ అంటే బిగుసుకున్నట్టు ఉంటుంది, ‘కెన్ ఐ కమ్ ఇన్?’ చాలు. ఒక్క జాగ్రత్త: ‘రిటర్న్’లో వెనక్కి అనే అర్థం ముందే ఉంది కాబట్టి దాని పక్కన మళ్లీ ‘బ్యాక్’ పెట్టకండి.

ఈ పద్ధతి బలం ఎక్కడ తెలుస్తుందంటే, ఒకే క్రియ మీద దారంతా నడిపించేసినప్పుడు. బంతి గురించి ఇలా ఒక వాక్యం ఉందనుకోండి: ‘ది బాల్ రోల్డ్ డౌన్ ది స్టెప్స్, త్రూ ది గేట్ అండ్ ఇంటు ది స్ట్రీట్.’ క్రియ ఒక్కటే, రోల్డ్. మిగతాదంతా డౌన్, త్రూ, ఇంటు మోసుకెళ్లాయి. తెలుగులో నేనైతే ‘బంతి దొర్లుతూ మెట్లు దిగి, గేటు దాటి, వీధిలోకి వెళ్లింది’ అని రాస్తాను. దిగి, దాటి, వెళ్లింది: మూడు అడుగులకు మూడు క్రియలు. ఇప్పుడు దీన్నే తెలుగు నుంచి ఇంగ్లిష్‌కు తీసుకెళ్లేవాళ్లు ‘డిసెండెడ్’, ‘క్రాస్‌డ్’, ‘వెంట్’ అని మూడూ వెతుక్కుంటారు. అక్కడే మాట తడబడుతుంది. దొర్లడాన్ని క్రియగా పెట్టేసి, మూడు క్రియల్నీ మూడు చిన్నమాటలుగా మార్చేయండి. నాకు ఇంగ్లిష్‌లో బాగా నచ్చే సంగతుల్లో ఇదొకటి, కదలిక ఎక్కడా తెగకుండా సాగిపోతుంది. (ఇక్కడ చిన్నమాట తర్వాత మెట్లు, గేటు లాంటి నామవాచకం వచ్చింది కాబట్టి వ్యాకరణం పుస్తకాలు దాన్ని ప్రిపోజిషన్ అంటాయి, ఏమీ రాకపోతే చాలా పుస్తకాల్లో అది అడ్వర్బ్. మాట్లాడటానికి ఈ పేర్లతో పెద్ద పని లేదు.)

‘బై రన్నింగ్’ తీసేసి ‘హీ వెంట్ అవుట్ రన్నింగ్’ అంటే సరిపోతుందా అనుకోవచ్చు. వాక్యం తప్పు కాదు, కానీ అర్థం మారిపోతుంది. వ్యాయామానికి పరుగు కోసం బయటికి వెళ్లాడని అనుకుంటారు. ‘హీ కేమ్ రన్నింగ్ అవుట్’ అంటే మాత్రం మీరనుకున్న అర్థమే, పరిగెత్తుకుంటూ బయటికి వచ్చాడని. కమ్ తర్వాత రన్నింగ్ పెట్టడం వాళ్లకూ అలవాటే.

ఇక మాటల వరస. ‘బ్యాక్’ ఉంటే అది ముందు, దిక్కు చెప్పే మాట తర్వాత, ఫలానా చోటికి అన్నది చివర. ‘షీ ర్యాన్ బ్యాక్ డౌన్ టు ది గేట్.’ అంటే మళ్లీ కిందికి, గేటు దగ్గరికి పరిగెత్తింది. ‘కమ్ బ్యాక్ ఇన్’ అంటారు, ‘కమ్ ఇన్ బ్యాక్’ అనరు. తెలుగులో ‘మళ్లీ లోపలికి రా’ అన్నా, ‘లోపలికి మళ్లీ రా’ అన్నా నడిచిపోతుంది కాబట్టి మనకు ఈ వరస మీద ధ్యాస ఉండదు. నోటికి అలవాటయ్యేదాకా గట్టిగా పైకి అనుకోవడమే మార్గం.

హోమ్, హియర్, దేర్, అప్‌స్టెయిర్స్, అబ్రాడ్ ముందు ‘టు’ రాదు. మన ‘ఇంటికి’, ‘పైకి’, ‘విదేశాలకు’లో ఉన్న కి, కు మనచేత ‘గో టు హోమ్’ అనిపిస్తాయి. దిక్కును చెప్పే పని ఆ మాటలే చేస్తాయి, ‘గో హోమ్’ అంటే సరిపోయింది.

ఆఫ్, అవే రెండూ దగ్గరగానే ఉంటాయి. చోటు వదిలి బయల్దేరడం మీద చూపు ఉంటే ‘ఆఫ్’, దూరం పెరగడం మీద ఉంటే ‘అవే’. ‘దే డ్రోవ్ ఆఫ్’ అంటే బండి తీసి వెళ్లిపోయారు. ‘వాక్ ఆన్’ అంటే ఆగకుండా ముందుకు నడవడం, ‘వాక్ అరౌండ్’ అంటే ఫలానా చోటికని లేకుండా తిరగడం. కమ్, గో తేడా గురించి టెన్షన్ పడకండి, చాలావరకు మన రా, పో లాగే ఉంటుంది.

మన గబగబా, చకచకా, మెల్లగా లాంటివాటికి క్విక్లీ, స్లోలీ అంటూ ప్రతిసారీ తగిలించనక్కర్లేదు. ఆ రుచి కూడా వాళ్లు ఎక్కువగా క్రియలోనే పెడతారు. ‘గబగబా మెట్లెక్కాడు’ అంటే ‘హీ హరీడ్ అప్ ది స్టెప్స్’. ఆఖరికి చప్పుడు కూడా కదలికైపోతుంది: ‘ది ట్రక్ రంబుల్డ్ పాస్ట్’ అంటే లారీ గడగడమంటూ పక్కనుంచి వెళ్లిపోయిందని.

సాధనకు ఒక పని చేయండి. ఏదైనా వీడియో సౌండ్ లేకుండా పెట్టి, కనిపించిన కదలికనల్లా పైకి చెప్పండి. మొదట గో, కమ్ మాత్రమే వాడి, చిన్నమాట సరిగ్గా పడేలా చూసుకోండి: ‘షీ వెంట్ ఇన్’, ‘దే వెంట్ పాస్ట్’. అది తడుముకోకుండా వస్తుంటే, అప్పుడు ‘వెంట్’ తీసేసి ఆమె ఎలా వెళ్లిందో ఆ క్రియ పెట్టండి. వాక్‌డ్, క్రెప్ట్, మార్చ్‌డ్, ఏదైనా సరే. ‘ఇన్’ను మాత్రం ఉన్నచోటే ఉండనివ్వండి.