టై రాడ్ ఎండ్ ఊడకపోవడం, కొత్త బుష్‌లు నెలకే చిరగడం

అన్నా, పాత సఫారీలో టై రాడ్ ఎండ్ (స్టీరింగ్ కదలికని చక్రానికి అందించే రాడ్ చివరి కీలు) ఎంత కొట్టినా నకిల్‌ని (చక్రాన్ని మోసే ఇనప భాగం) వదలట్లేదని, పోయిన నెల వేసిన లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బండి ఫ్రేమ్‌కి కలిపే కింది చెయ్యి) బుష్‌లు (దాని కీలులో ఉండే రబ్బరు తొడుగులు) అప్పుడే చిరిగాయని రాశారు. రెండూ వేరు వేరు సమస్యలు.

ముందు స్టడ్ (ఎండ్ నుంచి నకిల్‌లోకి దూరే మరల కడ్డీ) మీద కొట్టడం ఆపండి. థ్రెడ్ చితుకుతుంది, టేపర్ (స్టడ్‌లో సన్నబడుతూ పోయి నకిల్‌లో బిగిసే భాగం) కదలదు. నట్ పూర్తిగా తీయకుండా రెండు మూడు చుట్లు వదులు చేసి, పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పు సందుల్లోకి ఇంకే నూనె) కొట్టి రాత్రంతా ఉంచండి. తర్వాత స్టడ్ దూరిన నకిల్ కన్నుకి ఒక పక్క బరువైన సుత్తి ఆనించి, ఎదురు పక్క ఇంకో సుత్తితో గట్టిగా వేయండి. టక్కుమని వదులుతుంది. ఫోర్క్ (మధ్యలో దూర్చి విడదీసే రెండు కొమ్ముల పనిముట్టు) మాత్రం బూట్‌ని (కీలు మీది రబ్బరు తొడుగు) చింపుతుంది, పాత ఎండ్ పారేసేదైతేనే వాడండి. నట్‌తో పాటు స్టడ్ కూడా తిరుగుతుంటే, టేపర్ బిగిసే దిశలో లీవర్‌తో నొక్కి పట్టుకుని తిప్పండి. పాతది విప్పేటప్పుడు ఎన్ని చుట్లకి వచ్చిందో లెక్కపెడితే కొత్తది దాదాపు అక్కడే కూర్చుంటుంది. స్ప్లిట్ పిన్ (నట్ వదులు కాకుండా అడ్డంగా దూర్చే పిన్) రంధ్రం కలవకపోతే నట్ ఇంకాస్త బిగించాలి, వెనక్కి తిప్పకూడదు.

ఇక బుష్‌లు. చక్రం గాల్లో వేలాడుతుండగానే పివట్ బోల్ట్ (బుష్ గుండా ఆర్మ్‌ని ఫ్రేమ్‌కి పట్టించే బోల్ట్) బిగించి ఉంటారు. రబ్బరు లోపలి స్లీవ్‌కీ బయటి స్లీవ్‌కీ అతుక్కుని ఉంటుంది కాబట్టి, బండి నేల మీదికి దిగగానే మెలిపడి అలాగే ఉండిపోతుంది. ఆపై ప్రతి గుంతకీ ఇంకా మెలిపడుతుంది. బోల్ట్‌ని చేతి బిగువుకి ఉంచి, బండి దించి, నాలుగుసార్లు ముందు భాగం ఊపి, అప్పుడు మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి (బిగువు కొలతకి) బిగించండి.

చక్రాల అలైన్‌మెంట్ ఈ పనులన్నీ అయ్యాకే, ఒక్కసారే చేయించండి.