ఏ డబ్బు దేనికో చెప్పగలరా?

ప్రశ్న: మా ఇద్దరికీ ఉద్యోగాలున్నాయి. దుబారా మనుషులం కాదు, అయినా నెలాఖరుకి చేతిలో ఏమీ మిగలదు. మూడేళ్లలో అమ్మాయి కాలేజీ ఫీజు కట్టాలి, సొంత ఇల్లు కావాలి, రిటైరయ్యాక ఎవరి మీదా ఆధారపడకూడదు. ఆఫీసులో స్నేహితుడు ఉన్న కాస్తా షేర్లలో పెట్టెయ్యమంటున్నాడు. పెట్టమంటారా?
- ఒక పాఠకురాలు

జవాబు: షేర్లు మంచివా కావా అన్నది తర్వాత చూద్దాం. ముందు, ఏ డబ్బు ఎప్పటికి కావాలో తేలాలి. మీ ఉత్తరంలో కోరికలు మూడున్నాయి, తేదీ మాత్రం ఒక్క ఫీజుకే ఉంది, ఎంత కావాలో దేనికీ లేదు. ఇద్దరూ తీరిగ్గా కూర్చుని ఒక కాగితం మీద మూడు గళ్లు గీయండి. దేనికి, ఎంత, ఎప్పటికి. ఫీజు దగ్గర పేచీ రాదు. ఇంటి దగ్గరికొచ్చేసరికి ఒకరు ఐదేళ్లంటారు, ఇంకొకరు పదేళ్లంటారు, ఒకరికి ఆఫీసు పక్కన రెండు గదులు చాలు, ఇంకొకరికి పెరడు లేకపోతే అది ఇల్లే కాదు. ఆ గొడవేదో ఇప్పుడే పడండి, అడ్వాన్సు ఇచ్చాక పడితే చాలా ఖరీదవుతుంది.

తర్వాత లెక్క చిన్నదే. ఫీజుకి కావాల్సిన మొత్తంలోంచి ఇప్పటికే ఉన్నది తీసేసి, మిగిలినదాన్ని 36 నెలలతో భాగించండి. మిగతా రెండింటికీ అలాగే చేసి మూడూ కలపండి. ఆ మొత్తం మీ ఇద్దరి జీతాల్లో 60 శాతం అయిందనుకోండి, ఇల్లు గడవడానికే 70 శాతం పోతోందనుకోండి, కుదరదు, అంతే. అప్పుడు అంకె తగ్గించుకోవాలి, లేదా తేదీ వాయిదా వేసుకోవాలి, లేదా ఖర్చు కొయ్యాలి. సంపాదన పెంచుకోవడం కూడా ఒక దారే, కాకపోతే అది ఎప్పుడు జరుగుతుందో మన చేతిలో ఉండదు. చాలామంది ఇవేవీ చెయ్యకుండా, ఎక్కువ రాబడి వచ్చేచోట పెడితే సర్దుకుంటుందిలే అనుకుంటారు. మీ స్నేహితుడి సలహా మీకు నచ్చింది కూడా అందుకేనేమో అని నా అనుమానం.

ఇప్పుడు షేర్ల సంగతి. అమెరికా మార్కెట్‌కి కొలమానంగా చూసే ఎస్ అండ్ పీ 500 సూచీ 2007 అక్టోబరు నుంచి 2009 మార్చి లోపు దాదాపు 57 శాతం పడిపోయింది. మళ్లీ పాత ఎత్తుకి చేరింది 2013లో. సగానికి పడినది మునుపటి స్థాయికి రావాలంటే 50 కాదు, 100 శాతం పెరగాలి, అంతవరకు కాలేజీ వాళ్లు ఆగరు. కాబట్టి ఫీజు డబ్బు షేర్ల జోలికి పోకూడదు, డిపాజిట్ లాంటి స్థిరమైన చోట తక్కువ వడ్డీకైనా ఉండాలి. రిటైర్మెంట్ డబ్బుకి ఇదే తిరగబడుతుంది. ధరలు ఏటా 6 శాతం పెరుగుతాయనుకుంటే, ఎన్నేళ్లలో రెట్టింపవుతాయో ఉజ్జాయింపుగా తెలియడానికి 72ని 6తో భాగించండి, 12 వస్తుంది, అంటే 12 ఏళ్లలో ఖర్చు రెట్టింపు, 24 ఏళ్లలో నాలుగింతలు. పాతికేళ్ల తర్వాత వాడాల్సిన డబ్బంతా భద్రంగా ఉంటుందని పొదుపు ఖాతాలోనే వదిలేస్తే, అంకె అలాగే కనబడుతుంది గానీ దానితో కొనగలిగేది తగ్గిపోతూ ఉంటుంది. ఆ డబ్బులో షేర్లకి పెద్ద వాటాయే ఇవ్వొచ్చు. అలాగని ఎంతకాలం ఆగితే అంత క్షేమం అని కళ్లు మూసుకోకండి. జపాన్ నిక్కీ సూచీ 1989 డిసెంబరులో చేరిన ఎత్తుని మళ్లీ దాటింది 2024 ఫిబ్రవరిలో. అందుకే మొత్తం ఒకే దేశం మీదో ఒకే రంగం మీదో పెట్టకండి. ఇల్లు ఈ రెంటికీ మధ్యది, తేదీ దగ్గరపడేకొద్దీ ఆ డబ్బుని కొంచెం కొంచెంగా షేర్లలోంచి బయటికి తెచ్చుకోవాలి.

వీటన్నిటికంటే ముందు మూడు నుంచి ఆరు నెలల ఖర్చుకి సరిపడా అత్యవసర నిధి ఉండాలి. ఇద్దరూ సంపాదిస్తున్నారు కాబట్టి మూడు నెలలు చాలొచ్చు. ఇద్దరిదీ ఒకే కంపెనీ అయితే మాత్రం ఆరు, ఎందుకంటే ఉద్యోగాలు పోతే ఇద్దరివీ ఒకేసారి పోవచ్చు.

ప్రశ్న: క్రెడిట్ కార్డు బాకీలో ప్రతి నెలా మినిమమ్ మాత్రం కడుతున్నాను. పొదుపు ఖాతాలో ఆ బాకీకి రెట్టింపు డబ్బుంది, కానీ అది ఎన్నాళ్లుగానో అనుకుంటున్న టూర్ కోసం దాచుకున్నది. ముట్టుకోబుద్ధి కావడం లేదు.
- ఒక పాఠకుడు

జవాబు: ముట్టుకోండి. ఈ రోజే.

మీ కార్డు స్టేట్‌మెంట్‌లో వడ్డీ రేటు ఎక్కడో చిన్న అక్షరాల్లో ఉంటుంది, వెతకండి. నెలకి 3 శాతం అని ఉంటే ఏడాదికి 36 అనుకుంటాం. వడ్డీ మీద వడ్డీ పడి అది 42.6 శాతం దాకా వెళ్తుంది. పైగా పాత బాకీ ఉన్నంతకాలం చాలా కార్డుల్లో కొత్తగా కొన్నవాటికి వడ్డీ లేని గడువు కూడా ఉండదు, కొన్న రోజు నుంచే మీటరు తిరుగుతుంది. పొదుపు ఖాతా మీకిచ్చే వడ్డీ ఇందులో ఏ మూలకి?

ఇది మీ ఒక్కరి జబ్బు కాదు. మనుషులు డబ్బుని మనసులోనే వేరువేరు ఖాతాలుగా పంచుకుని, ఒకదాంట్లోది ఇంకోదానికి వాడనివ్వరని రిచర్డ్ థేలర్ అనే ఆర్థికవేత్త వివరించారు, ఆయనకి 2017లో నోబెల్ వచ్చింది. ఏ డబ్బు దేనికో రాసుకోమని పైన చెప్పింది మీరే కదా అంటారేమో. నిజమే, కానీ రాసుకోమన్నది లక్ష్యాన్ని, నోట్లని కాదు. బాకీ తీర్చాక కూడా మీ దగ్గర సగం ఉంటుంది. ఇన్నాళ్లూ కార్డుకి కట్టిన మొత్తాన్ని అదే తేదీన టూర్ ఖాతాలోకి మళ్లించండి. టూర్ కొంచెం ఆలస్యమవుతుంది, కానీ ఇప్పుడు పోతున్న వడ్డీ మిగులుతుంది.

ప్రశ్న: జీతం పెరిగిన ప్రతిసారీ ఈసారి దాస్తాను అనుకుంటాను, మూడో నెలకల్లా అది కూడా చాలడం లేదు. వచ్చే నెల మళ్లీ పెరుగుతోంది.
- ఒక ఉద్యోగిని

జవాబు: పెరిగిన జీతం ఇంకా చేతికి రాలేదు కదా, అదే మీకున్న వీలు. ఒక్కసారి ఖాతాలో పడ్డాక తియ్యాలంటే ప్రాణం ఒప్పదు, పడకముందే పక్కకి వెళ్లిపోతే లోటు తెలియదు. పైన చెప్పిన థేలరే, ష్లోమో బెనార్జీతో కలిసి ఇలాంటి పథకం రూపొందించారు. జీతం పెరిగినప్పుడల్లా పొదుపు వాటా కూడా పెరగాలని ఉద్యోగులు ముందుగానే ఒప్పుకుంటారు. మొదట అమలుచేసిన కంపెనీలో, చేరినవాళ్ల పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి వెళ్లింది. చేతికొచ్చే జీతం ఎప్పుడూ తగ్గదు కాబట్టి ఎవరికీ టెన్షన్ లేదు.

మీరూ పెరిగిన దాంట్లో సగాన్ని, జీతం పడిన మర్నాడే దానంతటదే వేరే ఖాతాలోకి వెళ్లేలా ఈ వారమే బ్యాంకుకి చెప్పి పెట్టండి. మిగతా సగం హాయిగా ఖర్చు పెట్టుకోండి, నాకేం అభ్యంతరం లేదు. అన్నట్టు, ఆ వేరే ఖాతాకి ఏటీఎం కార్డు తీసుకోకండి.

ప్రశ్న: చుట్టాలందరూ ఇళ్లు కొనేశారు. నాకు అద్దె ఇల్లే బాగుంది. తప్పు చేస్తున్నానా?
- ఒక పాఠకుడు

జవాబు: లేదు. ఉద్యోగం కోసం ఊళ్లు మారేవాళ్లకి అద్దె ఇల్లే నయం. కాకపోతే ఒక లెక్క చూసుకోండి. మీరుంటున్నలాంటి ఇల్లు అప్పు మీద కొంటే నెలవారీ వాయిదా, పన్నులు, మరమ్మతులు కలిపి ఎంతవుతుందో అందులోంచి మీ అద్దె తీసేయండి. ఆ తేడా ప్రతి నెలా ఎక్కడో ఒకచోట జమ అవుతోందా? అవుతుంటే చుట్టాల మాటలు పట్టించుకోనక్కర్లేదు. అవకపోతే ఆ తేడా ఎటు పోతోందో చూడండి, చుట్టాలు అడగాల్సిన ప్రశ్న అదీ.