థైరాయిడ్ ‘ఎక్కువ’, ‘లోపం’, ‘మాంద్యం’: ఏది సరి?

సందేహం: రక్తపరీక్షలో మా అక్కయ్యకు టీఎస్‌హెచ్ పెరిగిందని వచ్చింది. ఇంట్లో అందరూ ‘థైరాయిడ్ ఎక్కువైంది’ అంటున్నారు, డాక్టరుగారు మాత్రం ‘తక్కువ’ అన్నారు. పుస్తకాల్లో థైరాయిడ్‌ను ‘అవటు’ అంటూ ‘అవటు లోపం’, ‘అవటు మాంద్యం’ అని రెండు విధాలా కనిపిస్తోంది. ఏది సరైన వాడుక? (ఒక పాఠకురాలు, కావలి)

సమాధానం: డాక్టరుగారి మాటే సరి. టీఎస్‌హెచ్ థైరాయిడ్ గ్రంథిలో పుట్టేది కాదు. మెదడు అడుగున ఉన్న పీయూష గ్రంథి నుంచి వచ్చి థైరాయిడ్‌ను పనికి పురికొల్పే హార్మోను. థైరాయిడ్ మందగించినకొద్దీ ఈ పురికొల్పు పెరుగుతుంది కనుక, కాగితం మీద ఆ అంకె పెరిగిందంటే సాధారణంగా థైరాయిడ్ పని తగ్గిందనే అర్థం. (పురికొల్పడం అన్న అర్థమున్న గ్రీకు ధాతువు నుంచే 1905లో ఇంగ్లండు శరీరధర్మ శాస్త్రవేత్త స్టార్లింగ్ ‘హార్మోను’ అనే పేరు పెట్టాడు.)

ఒంగోలులో ఒక పెద్దావిడ రిపోర్టు నా చేతికిచ్చి, “థైరాయిడ్ ఎక్కువైందంట నాయనా, తిన్నది అరగడం లేదు, కడుపంతా మందంగా ఉంటోంది” అన్నారు. మొదటి మాట తప్పు. ‘మందం’ అన్న మాట మాత్రం ఎంతో సరైనది. థైరాయిడ్ హార్మోన్లు తగ్గినప్పుడు, పేగు కదలికలను నడిపే హార్మోన్ల, నరాల సంకేతాలకు కండరాల స్పందన నెమ్మదిస్తుంది, ఆహారం ముందుకు జరగడం ఆలస్యమవుతుంది, మలబద్ధకం కలుగుతుంది. ‘పేగులకు సంకేతాలు తెగిపోతాయి’ అని రాయడం అతిశయోక్తి; అవి తెగవు, మందగిస్తాయి.

అందుకే నేను ‘లోపం’ కన్నా ‘మాంద్యం’ వైపు మొగ్గుతాను. సంధిలో అచ్చు లోపించిందంటే అది పూర్తిగా పోయిందని కదా అర్థం. ఇక్కడ చాలామందిలో గ్రంథి ఉంటుంది, పని చేస్తుంది, చాలినంతగా చేయదు. పైగా అయోడిన్ లోపం ఈ మాంద్యానికి ఒక కారణం కావచ్చు కనుక, కారణానికీ ఫలితానికీ ‘లోపం’ అనే ఒకే మాట వాడితే చదివేవారు తికమకపడతారు.

‘అవటు’ అన్న మాటకు అమరకోశం చెప్పే అర్థం మెడ వెనుక భాగం. థైరాయిడ్ ఉండేది గొంతు ముందు. పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది కనుక దాన్ని తప్పనను గాని, జనం నోట నానిన ‘థైరాయిడ్’ ఉండగా దాని అవసరం నాకు కనిపించదు. మీరు ‘టీఎస్‌హెచ్ పెరిగింది, థైరాయిడ్ మందగించింది’ అని రెండూ కలిపి చెప్పండి. వ్యాసంలోనైతే ‘థైరాయిడ్ మాంద్యం’ అని రాయండి.