లింకర్ వద్దంటే ఆగు, చిన్నా

చిన్నా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. నువ్వు ఆఫీసులో ఆర్నెల్లు జీతం లేని సెలవు పెట్టావని, ఏదో బోర్డు ఆర్డర్ చేశావని, దాని మీద ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తానంటున్నావని, దానికి కంపైలర్ కూడా నువ్వే బిల్డ్ చేసుకుంటావట అని చెప్పి, "అక్కా, వీడికేమైనా పిచ్చి పట్టిందా, నువ్వైనా చెప్పు" అంది. తనకి సర్దిచెప్పాను గానీ ఫోన్ పెట్టేశాక నాకే నిద్ర పట్టలేదు. సగం బెంగ, సగం గర్వం. మన ఇంట్లో నా తర్వాత క్రాస్ కంపైలర్, అంటే ఒక మెషిన్ మీద నడుస్తూ ఇంకో రకం మెషిన్ భాషలోకి ప్రోగ్రాంని మార్చే టూల్, అన్న మాట ఎత్తినవాడివి నువ్వొక్కడివే. ఫోన్లో చెబితే ఊ అంటావు, మర్చిపోతావు. అందుకే రాస్తున్నా. చివరిదాకా చదువు, మధ్యలో వదిలేసి టెర్మినల్ తెరవకు.

నువ్వు పంపిన ప్లాన్ చూశాను. మొదటి వారంలోనే జీలిబ్‌సీ, అంటే లినక్స్‌లో ప్రోగ్రాములు వాడుకునే సీ లైబ్రరీ, అని రాసుకున్నావు. ఎందుకు నాన్నా? నువ్వు ఎక్కించబోయేది ఎక్స్‌వీ6. ఎంఐటీలో పాఠాలు చెప్పడానికి రాసిన చిన్న యూనిక్స్ లాంటిది, 2019లో దాన్ని రిస్క్-ఫైవ్ అనే ప్రాసెసర్ రకానికి మార్చారు. దాని యూజర్ ప్రోగ్రాములకి కావలసిన ప్రింట్‌ఎఫ్, మాలక్ అన్నీ దాని సోర్సులోనే ఉన్నాయి. జీలిబ్‌సీ బిల్డ్ చేయాలంటే లినక్స్ హెడర్లు కావాలి, అది నడవాలంటే కింద లినక్స్ సిస్టమ్ కాల్స్ కావాలి. నీ దగ్గర లినక్సే లేనప్పుడు దాని వెంట పడితే నెల గడిచిపోతుంది, చేతిలో ఏమీ ఉండదు. కష్టమైనది ముందు చేసేస్తే గొప్ప అనుకునే అలవాటు నీకు చిన్నప్పటి నుంచీ ఉంది, లెక్కల పరీక్షలో చివరి ప్రశ్న ముందు మొదలుపెట్టి తేలికవి వదిలేసి వచ్చేవాడివి. ఇక్కడ అలా కుదరదు.

నీకు కావలసింది, కింద ఏ ఆపరేటింగ్ సిస్టమ్ లేకుండా నడిచే కోడ్ తయారుచేసే టూల్‌చెయిన్, అంటే కంపైలర్, అసెంబ్లర్, లింకర్ కలిసిన సెట్. ముందు బైన్‌యుటిల్స్ (అసెంబ్లర్, ముక్కలన్నీ కలిపి ఒక ప్రోగ్రాం చేసే లింకర్ ఇందులోవే), తర్వాత జీసీసీ కంపైలర్, అది కూడా సీ భాషకి మాత్రమే, హెడర్లు లేకుండా. జీసీసీలో కంపైలర్, దాని లిబ్‌జీసీసీ, ఈ రెండు టార్గెట్లు బిల్డ్ చేస్తే చాలు. లిబ్‌జీసీసీ ఎందుకని అడిగావు కదా, ప్రాసెసర్‌కి నేరుగా ఇన్‌స్ట్రక్షన్ లేని పనులకి కంపైలర్ రహస్యంగా పిలుచుకునే ఫంక్షన్లన్నీ అందులో ఉంటాయి, 128 బిట్ల భాగహారం లాంటివి. అది లేకపోతే నువ్వెప్పుడూ రాయని పేరేదో దొరకలేదని లింకర్ అంటుంది, నీకు అర్థం కాదు.

మిగతావి నీకు తెలిసినవే. సోర్స్ ఫోల్డర్‌లో బిల్డ్ చేయకు, పక్కన వేరే ఫోల్డర్ పెట్టుకో. ఇన్‌స్టాల్ హోమ్ ఫోల్డర్ కింద చెయ్యి, సూడోతో (అడ్మిన్ అధికారంతో) వద్దు. దానికి కావలసిన లెక్కల లైబ్రరీలు జీఎంపీ, ఎంపీఎఫ్ఆర్, ఎంపీసీ తెచ్చిపెట్టే స్క్రిప్టు జీసీసీ సోర్సులోనే ఉంది, వాడుకో. ఏ వెర్షన్, ఏ ఆప్షన్లతో బిల్డ్ చేశావో ఒక ఫైల్లో రాసి గిట్‌లో పెట్టు, ఇది మాత్రం ఈరోజే.

వెర్షన్ అంటే గుర్తొచ్చింది. పాత ట్యుటోరియల్ నుంచి మేక్‌ఫైల్ (బిల్డ్ ఎలా చేయాలో రాసే ఫైల్) తెచ్చుకుంటే ప్రాసెసర్ లోపలి కంట్రోల్ రిజిస్టర్లు చదివే ఇన్‌స్ట్రక్షన్ తెలియదని అసెంబ్లర్ అంటుంది. తప్పు నీది కాదు. ఆ ఇన్‌స్ట్రక్షన్లు ఒకప్పుడు మూల సెట్‌లో భాగం, తర్వాత విడదీసి జీ-ఐ-సీఎస్ఆర్ అని వేరే పేరు పెట్టారు. 2022లో వచ్చిన బైన్‌యుటిల్స్ 2.38, జీసీసీ 12 నుంచి ఇదే లెక్క. ఆర్కిటెక్చర్ పేరు ఆర్‌వీ64ఐఎంఏసీ అని ఇస్తే పక్కన ఆ పేరు కూడా చేర్చాలి.

ఇప్పుడు నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. నీ ప్లాన్‌లో ఒక చోట "కెర్నెల్‌కి ఎల్‌పీ64, లైబ్రరీలు డిఫాల్ట్" అని రాశావు. ఎల్‌పీ64 అనేది ఒక ఏబీఐ, అంటే ఫంక్షన్లు ఒకదానికొకటి విలువలు ఎక్కడ పెట్టి అందించుకోవాలో చెప్పే ఒప్పందం; కెర్నెల్‌కి (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగానికి) ఒకటి, లైబ్రరీలకి ఇంకోటి అంటున్నావు. ఆ ఒక్క లైనే చూసి నా గుండె గుభేలుమంది.

2000ల మొదట్లో నేను హైదరాబాదులో ఒక కంపెనీలో చేసేదాన్ని, పేరెందుకులే. గుంటూరు దగ్గర మిర్చి కోల్డ్ స్టోరేజీలకి ఉష్ణోగ్రత రికార్డ్ చేసే పెట్టెలు తయారుచేసేవాళ్ళం. లోపల ఏఆర్ఎం చిప్, దశాంశ లెక్కలు చేసే యూనిట్ దానికి లేదు, అంతా సాఫ్ట్‌వేర్‌లోనే. మా టూల్‌చెయిన్ దశాంశ సంఖ్యల్ని వీఎఫ్‌పీ అనే పద్ధతిలో పెట్టేలా బిల్డ్ చేసుకున్నాం. సెన్సర్ల వాళ్ళిచ్చిన లైబ్రరీ మాత్రం పాత ఎఫ్‌పీఏ పద్ధతిది. సోర్స్ ఇవ్వలేదు, ఫ్లోటింగ్ పాయింట్ (దశాంశ లెక్కల) రొటీన్లతో సహా అన్నీ కలిపేసిన బైనరీ ఇచ్చారు. ఈ రెండు పద్ధతుల్లోనూ డబుల్ అనే దశాంశ సంఖ్య 64 బిట్లే, కానీ ఆ 64 బిట్లని రెండు 32 బిట్ల ముక్కలుగా పెట్టే వరస తారుమారు. ఫోన్ నంబర్లో చివరి ఐదంకెలు ముందు, మొదటి ఐదంకెలు తర్వాత రాసిపెట్టినట్టు. అంకెలన్నీ ఉంటాయి, ఫోన్ మాత్రం ఇంకెవరికో వెళ్తుంది.

లింకర్ ఒప్పుకోలేదు. ఈ ఫైల్ ఒక పద్ధతి, ఆ ఫైల్ ఇంకో పద్ధతి, కలపను అని స్పష్టంగా చెప్పింది. మర్నాడు డెలివరీ. మా టీమ్ లీడ్ ఇంట్లో పాపకి జ్వరం, పక్కన మేనేజరు గంటకోసారి అడుగుతున్నాడు. ఆయన మాన్యువల్ తిరగేసి, పొసగని ఫైళ్ళ గురించి హెచ్చరించకు అనే ఆప్షన్ ఒకటి పట్టుకుని మేక్‌ఫైల్లో పెట్టాడు. అది నిజంగానే ఉంది, ఇప్పటికీ ఉంది. లింకర్ నోరు మూసుకుంది. ప్రోగ్రాం నడిచింది. ల్యాబ్‌లో టెస్టులన్నీ పాసయ్యాయి.

ఎందుకు పాసయ్యాయో విను, ఇదే అసలు ముక్క. ఆ లైబ్రరీ ఫంక్షన్ సెన్సర్ రీడింగ్‌ని పూర్ణాంకంగా తీసుకునేది, ఆ సెన్సర్‌కి చేయాల్సిన సవరణని డబుల్‌గా తీసుకునేది, ఫలితాన్ని డిగ్రీలో వందో వంతుల్లో మళ్ళీ పూర్ణాంకంగా ఇచ్చేది. అంటే రెండు పద్ధతుల మధ్య దాటేది ఆ సవరణ ఒక్కటే. ల్యాబ్‌లో కొత్త సెన్సర్లు, సవరణ 0.0. సున్నాని ఏ వరసలో పెట్టినా సున్నానే. గుంటూరు వెళ్ళాక ఒక్కో సెన్సర్‌కి 0.5, 0.25, 1.5 ఇలా పెట్టారు. ఇలాంటి విలువల్లో కింది 32 బిట్ల ముక్క మొత్తం సున్నాలు. ముక్కలు తారుమారైతే వచ్చే సంఖ్య ఎంత చిన్నదంటే, దశాంశ బిందువు తర్వాత మూడొందలకి పైగా సున్నాలుంటాయి. అది కలిపినా ఒకటే, కలపకపోయినా ఒకటే. అంటే సవరణ మాయమైపోయింది. క్రాష్ లేదు, ఎర్రర్ లేదు. తెర మీద అంకె నమ్మేలాగే ఉంది, కానీ తప్పు.

తెర చూపించేదానికంటే గది వెచ్చగా ఉందని స్టోరేజీ వాళ్ళు ఫోన్ చేస్తే మేమేం చేశామో తెలుసా, సెన్సర్లు మార్చాం. వైరింగ్ మార్చాం. తలుపులు సరిగా వేయట్లేదని వాళ్ళనే అన్నాం. అక్కడ బస్తాలు పెట్టుకున్న రైతులు ఆ తెర మీది అంకె చూసుకునే ధైర్యంగా ఇంటికి వెళ్ళేవాళ్ళు. అది తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

బయటపడింది ఒకే ఒక్క పెట్టె వల్ల. దానికి సవరణ 0.7 పెట్టారు. 0.7ని బిట్లలో రాస్తే కింది ముక్క సున్నా కాదు, హెక్స్‌లో వరసగా 66666666. అది పైకొస్తే వచ్చే సంఖ్య విశ్వంలో దేనికీ సరిపోనంత పెద్దది. దాన్ని పూర్ణాంకంగా మార్చబోతే 32 బిట్లలో పట్టే గరిష్ఠ విలువ దగ్గర ఆగిపోయింది. తెర మీద 21474836.47 డిగ్రీలు! ఆ అంకెలు చూడగానే, ఇది సెన్సర్ కాదు, రెండు కోట్ల పద్నాలుగు లక్షల డిగ్రీలు చూపించే సెన్సర్ ఎక్కడా ఉండదు, మన డబుల్ దారిలో ఎక్కడో విరిగింది అని అందరికీ వెలిగింది. ఆ 0.7 లేకపోతే ఆ పెట్టెలు ఇంకెంత కాలం అబద్ధం చెప్పేవో. మా లీడ్ మంచివాడు చిన్నా, పనిమంతుడు. ఆ రాత్రి ఆయన్ని ఇంటికి పంపి, డెలివరీ రెండు రోజులు వెనక్కి జరిపినవాడు ఒక్కడున్నా ఇదంతా జరిగేది కాదు.

ఇప్పుడు నీ సంగతి. రిస్క్-ఫైవ్‌లో ముక్కల వరస గొడవ లేదు గానీ దాని తమ్ముడు ఉన్నాడు. ఎల్‌పీ64 పద్ధతిలో డబుల్ మామూలు రిజిస్టర్ ఏ0లో వెళ్తుంది, ఎల్‌పీ64డీలో ఫ్లోటింగ్ రిజిస్టర్ ఎఫ్ఏ0లో వెళ్తుంది. ఒకడు ఒక చోట పెడితే ఇంకొకడు ఇంకో చోట చూస్తాడు, అక్కడ ఏ చెత్త ఉంటే అదే విలువ అనుకుంటాడు. నువ్వేమీ చెప్పకపోతే జీసీసీ తీసుకునే డిఫాల్ట్ ఎల్‌పీ64డీ; మల్టీలిబ్ (ఒక్కో పద్ధతికి ఒక్కో లైబ్రరీ చొప్పున తయారుచేసే ఆప్షన్) ఆపేసి ఉంటే లిబ్‌జీసీసీ కూడా ఆ ఒక్క పద్ధతిలోనే తయారవుతుంది. అప్పుడు నీ ప్లాన్ ప్రకారం ఆ లిబ్‌జీసీసీని కలపబోతే సాఫ్ట్-ఫ్లోట్ (ఎల్‌పీ64) మాడ్యూళ్ళని డబుల్-ఫ్లోట్ (ఎల్‌పీ64డీ) మాడ్యూళ్ళతో లింక్ చేయలేనని లింకర్ అంటుంది. అప్పుడు ఎవరైనా ఆ మెసేజ్ పోగొట్టే చిట్కా చెబితే వినకు. నా మీద ఒట్టు. జీసీసీని కాన్ఫిగర్ చేసేటప్పుడే ఆర్కిటెక్చర్, ఏబీఐ రెండూ నువ్వే చెప్పు, లేదా మల్టీలిబ్ ఆన్‌లో ఉంచి రెండు రకాల లిబ్‌జీసీసీలూ తయారుచేసుకో. కెర్నెల్‌లో దశాంశాలతో పనిలేదు, పైగా ట్రాప్ (నడుస్తున్న ప్రోగ్రాం ఆగి కెర్నెల్‌లోకి రావడం) వచ్చినప్పుడు ఎక్స్‌వీ6 ఫ్లోటింగ్ రిజిస్టర్లని దాచదు కూడా, కాబట్టి అంతా ఎల్‌పీ64 అనుకుంటే నీకు హాయి. మొదటి ఆబ్జెక్ట్ ఫైల్ రాగానే రీడ్‌ఎల్ఫ్ అనే టూల్‌తో దాని హెడర్ తెరిచి ఫ్లాగ్స్ లైన్ చూడు, ఏ ఫ్లోట్ పద్ధతో అక్కడే రాసి ఉంటుంది. ఏ లిబ్‌జీసీసీ తీసుకుంటున్నావని కంపైలర్‌నే అడుగు, పాత్ చెబుతుంది.

బోర్డు విజన్‌ఫైవ్ 2 కదా. క్యూఈఎంయూలో (లాప్‌టాప్‌లోనే బోర్డుని అనుకరించే ప్రోగ్రాంలో) నడిచింది, ఇక్కడ ఎందుకు నడవదు అని నువ్వు కంపైలర్‌ని అనుమానిస్తావు, అక్కడే టైమంతా పోతుంది. క్యూఈఎంయూలో మెమరీ హెక్స్ 80000000 దగ్గర మొదలవుతుంది, అందుకే అంత పై అడ్రసులకీ పనిచేసే మెడ్‌ఎనీ కోడ్ మోడల్ కావాలి, మెడ్‌లో (medlow) అనే మోడల్ అయితే అడ్రసు పట్టడం లేదని లింకర్ అంటుంది. బోర్డులో మెమరీ 40000000 దగ్గర, మొదటి భాగం కెర్నెల్ కంటే ముందు నడిచే ఓపెన్‌ఎస్‌బీఐ అనే ఫర్మ్‌వేర్‌ది, నీ లింకర్ స్క్రిప్ట్ మార్చుకోవాలి. సీరియల్ పోర్టు రెండింట్లోనూ 10000000 దగ్గరే, అది చూసి సంబరపడకు: బోర్డులో ఒక్కో రిజిస్టర్ నాలుగేసి బైట్ల దూరంలో ఉంటుంది. ఎక్స్‌వీ6 మెషిన్ మోడ్‌లో (ప్రాసెసర్ మీద పూర్తి అధికారం ఉండే మోడ్‌లో) మొదలవుతాననుకుంటుంది, బోర్డులో ఆ మోడ్ ఓపెన్‌ఎస్‌బీఐ చేతిలో ఉంటుంది.

ఇంకోటి, దీనికి చాలామంది జుట్టు పీక్కుంటారు. ఆ చిప్‌లో నాలుగు యూ74 కోర్లు, వాటితో పాటు ఎస్7 అనే చిన్న కోర్ ఒకటి ఉంటాయి. హార్ట్ 0, అంటే నంబరు 0 కోర్, ఆ చిన్నదే, దానికి మెమరీ అడ్రసులు మార్చే ఎంఎంయూ లేదు, ఫ్లోటింగ్ పాయింటూ లేదు. ఎక్స్‌వీ6లోనేమో హార్ట్ 0 వచ్చి అంతా సిద్ధం చేసేదాకా మిగతా కోర్లు ఒక లూప్‌లో కాచుకుని ఉంటాయి. ఆ చిన్న కోర్ నీ కెర్నెల్‌లోకి రాదు. తెర మీద ఒక్క అక్షరం కూడా పడదు, నువ్వు రాత్రంతా కూర్చున్నా పడదు. పేజ్ టేబుల్ (ఎంఎంయూ చూసుకునే అడ్రసుల పట్టిక) ఎంట్రీల్లో యాక్సెస్డ్, డర్టీ బిట్లు కూడా నువ్వే పెట్టాలి, యూ74 వాటిని తనంతట తాను పెట్టదు, ఫాల్ట్ ఇస్తుంది.

సీరియల్ కేబుల్ 3.3 వోల్టులదే కొను. 5 వోల్టులది పెట్టి బోర్డు కాల్చేసుకుంటే, డబ్బు సంగతి సరే, నీ మొహం చూడలేను. గ్రౌండ్ పిన్ను 6, మిగతా రెండూ 8, 10. పవర్ పిన్ను అసలు కలపకు.

రాత్రి పన్నెండు దాటాక మేక్‌ఫైల్ ముట్టుకోకు. చాదస్తమనుకోకు, ఆ ఆప్షన్ పెట్టింది కూడా అలాంటి వేళే. లింకర్ ఏదైనా వద్దంటే లాప్‌టాప్ మూసి పడుకో, పొద్దున చూడొచ్చు. టైముకి తిను, అమ్మ వండింది తిను, బయటి నూడిల్స్ కాదు. ఆర్నెల్లలో బోర్డు మీద షెల్ ప్రాంప్ట్ రాకపోయినా ఏం పోదు, ఈ పని తెలిసినవాళ్ళు మన దగ్గర ఎందరున్నా సరిపోరు. ఐఐటీ మద్రాసులో శక్తి ప్రాసెసర్ ఉంది, సీ-డాక్‌లో వేగా ఉంది, రెండూ రిస్క్-ఫైవే, వాటికి టూల్స్ చూసుకునే చేతులు కావాలి కదా. మీ అమ్మకి ఈ మాట నేను చెప్పుకుంటాను, నువ్వు తనతో వాదన పెట్టుకోకు.

టూల్‌చెయిన్ అవగానే రీడ్‌ఎల్ఫ్ ఇచ్చింది మొత్తం నాకు వాట్సాప్ చెయ్యి. తెర ఫొటో తీసి కాదు, టెక్స్ట్ కాపీ చేసి పంపు, ఫొటోల్లో అక్షరాలు నాకు ఆనడం లేదు.

పెద్దమ్మ