జడ్జ్ డ్రెడ్ లాంటి పాత్రకు కామిక్ కథ రాయడం: నా అనుభవం

ఇప్పటికే పేరున్న సైన్స్ ఫిక్షన్ పాత్రకు కామిక్ కథ రాసేటప్పుడు ఆ పాత్రలో కొత్తగా ఏం చూపించాలని మీరు అడిగారు. బ్రిటన్‌లో ఉన్న రోజుల్లో అభిమానులు నడిపే ఒక చిన్న పత్రికకు జడ్జ్ డ్రెడ్ కథలు రెండు రాశాను. భవిష్యత్తులోని ఒక మహానగరంలో నేరస్థులను పట్టుకుని, అక్కడికక్కడే శిక్ష కూడా విధించే అధికారి ఈ డ్రెడ్. ఆ అనుభవంతో చెబుతున్నాను: కొత్తదనాన్ని ఆ పాత్రలో కాక, దానికి ఎదురుపడే మనిషిలో వెతకండి.

రచయిత జాన్ వాగ్నర్, చిత్రకారుడు కార్లోస్ ఎజ్‌క్వెర్రా సృష్టించిన డ్రెడ్ 1977 మార్చిలో ‘2000 ఏడీ’ వారపత్రిక రెండో సంచికలో తొలిసారి కనిపించాడు. హెల్మెట్ వెనక ఉన్న అతని ముఖాన్ని పాఠకులకు చూపించరు, అతని మనసు కూడా అంతే. నా మొదటి కథలో అతని చేత అరపేజీ స్వగతం చెప్పించాను. ఇక్కడ మాట్లాడుతున్నది డ్రెడ్ కాదు, మీరు అంటూ సంపాదకుడు దాన్ని తిప్పి పంపారు. బాధ కలిగింది కానీ, పాత సంచికలు మళ్లీ చదివాక ఆయన మాటే సరైనదని ఒప్పుకున్నాను.

రెండో కథను డ్రెడ్ కాపలా కాసే నగరం మెగాసిటీ వన్ చట్టం నుంచే మొదలుపెట్టాను. అక్కడ చక్కెర నిషిద్ధం. మనవడి పుట్టినరోజు కోసం గుప్పెడు చక్కెర దాచుకున్న ఒక ముసలావిడ ఇంటికి డ్రెడ్ వస్తాడు. ఆరు పేజీల్లో అతను నోరు విప్పేది నాలుగుసార్లే. మిగిలిన చోటంతా ఆవిడ భయానికీ, బతిమాలుకోవడానికీ, నేల మీద ఒలికిన చక్కెరను వేలికి అద్దుకుని నోట్లో పెట్టుకోబోయిన పసివాడు డ్రెడ్‌ను చూసి ఆగిపోవడానికీ ఇచ్చాను. ఆ ఆగిపోవడం ఐదో పేజీ చివరి బొమ్మలో ఉంటుంది, ఎందుకంటే ఆ తర్వాత ఏమైందో తెలియాలంటే పాఠకుడు పేజీ తిప్పాలి. డ్రెడ్ చట్టం చెప్పినట్టే చేస్తాడు.

కాలం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. బయట ఏడాది గడిస్తే ఆ కథాలోకంలోనూ ఏడాది గడుస్తుంది, డ్రెడ్ వయసూ పెరుగుతుంది. 1982 నాటి ‘అపోకలిప్స్ వార్’లో అతను శత్రు నగరమైన ఈస్ట్‌మెగ్ వన్‌ను అణు క్షిపణులతో నాశనం చేస్తే, అక్కడ బతికి బయటపడ్డవారి ప్రతీకారం దాదాపు ముప్పై ఏళ్ల తర్వాత ‘డే ఆఫ్ కేయాస్’ కథగా వచ్చింది. అందుకే నా ముసలావిడ ఆ యుద్ధాన్ని ఏ వయసులో చూసిందో లెక్క వేసుకున్నాకే ఆమె మాటలు రాశాను.

పాత్రపై హక్కులు ప్రచురణకర్తవి కాబట్టి అనుమతి లేకుండా కథను అమ్మకానికి పెట్టకూడదు. నేరుగా ఆ వారపత్రికలోనే అడుగుపెట్టాలనుకుంటే, డ్రెడ్ కథతో కాక ‘ఫ్యూచర్ షాక్స్’ అనే పొట్టి విడి కథలతో మొదలుపెట్టండి. ‘వాచ్‌మెన్’ కామిక్ రచయిత అలాన్ మూర్ కూడా తొలినాళ్లలో అక్కడ అలాంటివి చాలా రాశారు.